వరి కోతల్లోగా పెరటికి పందికొక్కుల కంచె: గ్రౌండ్‌హాగ్ పద్ధతి మనకి సరిపోతుందా?

ప్రశ్న: పొలం పక్క పెరడు (ఆమదాలవలస)

నమస్కారమండి. ఇంటి వెనక పెరడు పొలం వైపు 40 అడుగులు, రెండు పక్కలా 30 అడుగుల చొప్పున ఉంటుంది. ఆ రెండు పక్కలా ఇటుక ప్రహరీ, ముందు వైపు ఇల్లు. పొలం వైపు మాత్రం వెదురు దడే. దడి అవతల గట్టు, గట్టు అవతల వరి. ఇప్పుడు వరి పొట్ట మీద ఉంది.

పెరట్లో కంద, చేమ, చిలగడదుంప, వంగ, బెండ ఉన్నాయి. దడి మీద చిక్కుడు, ఆనప పాదులు. రెండు కొబ్బరి చెట్లు, ఒక బొప్పాయి. కంద మొక్క సాయంత్రం పచ్చగా ఉండి పొద్దున్నకి వాలిపోతోంది. లాగి చూస్తే దుంప అడుగు నుంచి సగం కొరికేసి ఉంటోంది. వంగ నారు రాత్రికి రాత్రే మాయం. ప్రహరీ పునాది వెంట పిడికిలి పట్టేంత కన్నాలు, వాటి ముందు పొడిమట్టి గుట్టలు. వాన పడిన రాత్రి పెద్ద నత్తలు కూడా వస్తున్నాయి.

అమెరికాలో ఉన్న బంధువులు అక్కడ గ్రౌండ్‌హాగ్ అనే జంతువు తోటలోకి రాకుండా కట్టే కంచె ఫోటో పంపించారు. ఇనప జాలిని భూమిలోకి దింపి, అడుగున బయటి వైపుకి వంచి పాతేశారు. అదే ఇక్కడ కడితే పందికొక్కు ఆగుతుందా? ఎంత లోతు, ఏ జాలి, ఎన్ని అడుగులు కొనాలి? ప్రహరీ ఉన్న వైపు ఏం చెయ్యాలి? తెలిసినవాళ్ళు కొలతలతో చెప్పండి.

జవాబు: గరువు తోట (చీపురుపల్లి)

పద్ధతి మంచిదే. కొలతలు మాత్రం మార్చుకోవాలి, ఎందుకంటే ఆ జంతువు వేరు, ఇది వేరు. గ్రౌండ్‌హాగ్ ఉడత కుటుంబానిది. రెండు నుంచి ఆరు కిలోల బరువుంటుంది, పగటిపూట తిరుగుతుంది, ఆకులూ కూరగాయలూ తింటుంది, చలికాలమంతా బొరియలో నిద్రపోతుంది. అంత ఒళ్ళున్న జంతువుకి రెండు మూడు అంగుళాల కళ్ళున్న జాలి చాలు. అది ఎక్కగలదు కాబట్టి వాళ్ళు కంచె మూడు నాలుగు అడుగుల ఎత్తు కట్టి, పై అడుగు గుంజకి బిగించకుండా వదులుగా బయటికి వాల్చి ఉంచుతారు. ఎక్కబోతే ఆ జాలి ఊగి వెనక్కి వంగుతుంది, జంతువు దిగిపోతుంది.

మన పందికొక్కు ఎంత పెద్దదైనా కిలో దాటడం అరుదు. పొలం గట్ల మీద ఉండే చిన్న రకం అంతకంటే బాగా తక్కువ. రాత్రి తిరుగుతుంది, ఏడాది పొడుగునా తిరుగుతుంది. పిల్ల కొక్కులు అంగుళం కంతలోంచి దూరిపోతాయి. అందుకని జాలి కన్ను అర అంగుళం మించకూడదు. జీఐ వెల్డ్‌మెష్ (జింకు పూత ఉన్న, వెల్డింగ్ చేసిన ఇనప జాలి) తీసుకోండి, 18 గేజి సరిపోతుంది (గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావు). కోళ్ళ గూళ్ళకి కట్టే ఆరు పలకల జాలి చవకే కానీ తీగ సన్నం. నైలాన్ వల, ప్లాస్టిక్ జాలి దీని పళ్ళకి ఒక రాత్రి పని. దాని ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోడానికైనా ఏదో ఒకటి కొరకాలి.

జాలి కొనేముందు చేస్తున్నది పందికొక్కేనా అని తేల్చుకోవాలి. మీరు చెప్పిన గుర్తులు దానివే: దుంప కింద నుంచి తినడం, కన్నం ముందు పొడిమట్టి గుట్ట. గట్టు మీద పీత కన్నం కూడా ఉంటుంది గానీ దాని మూతి దగ్గర మట్టి తడి ముద్దలు ముద్దలుగా పేర్చినట్టు ఉంటుంది. వంగ నారు విషయంలో ఇంకొకటి చూడండి. మొక్క మొదలు దగ్గర తెగి అక్కడే పడి ఉంటే అది మట్టిలో దాక్కునే పురుగు పని, మొక్క చుట్టూ రెండంగుళాలు తవ్వితే చుట్ట చుట్టుకుని దొరుకుతుంది. మొక్క ఆనవాలే లేకుండా పోతే కొక్కు పట్టుకుపోయినట్టు.

ఇక ఏ కన్నాల్లో అది ఉంటోందో చూడాలి. సాయంత్రం అన్ని కన్నాలూ తడిమట్టితో మూసెయ్యండి, ప్రతిదాని పక్కనా పుల్ల గుచ్చండి. పొద్దున్న తెరుచుకున్నవే నివాసం ఉన్నవి. రెండో రోజూ అలాగే చెయ్యండి. పది కన్నాలు కనిపించినా చాలాసార్లు అవన్నీ ఒకటి రెండు బొరియల దారులే అయి ఉంటాయి. చెయ్యి మాత్రం ఏ కన్నంలోనూ పెట్టొద్దు. పాము తనంతట తాను కన్నం తవ్వదు. నాగుపామైనా జెర్రిపోతైనా కొక్కు తవ్విన దాంట్లోనే దూరుతుంది.

పొలం వైపు 40 అడుగులకి కంచె ఇలా. నాలుగడుగుల వెడల్పున్న జాలి తీసుకుంటే దాన్ని మూడు భాగాలుగా అనుకోండి. అడుగున అడుగు మేర బయటికి వంచేది, ఒకటిన్నర అడుగు భూమిలో నిలువుగా ఉండేది, ఒకటిన్నర అడుగు పైకి కనిపించేది. కందకం ఒకటిన్నర అడుగు లోతు, అడుగు పైన వెడల్పు తవ్వాలి. వంపు పొలం వైపుకే ఉండాలి. ఇందులో కిటుకంతా అక్కడే ఉంది. కంచె అడ్డం రాగానే కొక్కు సరిగ్గా దాని మొదట్లోనే తవ్వుతుంది. కిందకి దిగితే వంచిన జాలి తగులుతుంది. అడుగు వెనక్కి వెళ్ళి అక్కణ్ణుంచి మొదలెట్టాలన్న ఆలోచన దానికి రాదు. వంపు లోపలికి పెడితే ఆ ఉపయోగం పోతుంది.

మరి బయటి అడుగు నేల ఎవరిది? గట్టు పక్క రైతుదైతే దాన్ని తవ్వకూడదు. గట్టు బలహీనపడి మడిలో నీళ్ళు పోతాయి. మీ కంచెనే అడుగు లోపలికి జరుపుకోండి.

గుంజలు ఆరడుగులకి ఒకటి చొప్పున, ఇనప యాంగిల్ గానీ సిమెంటువి గానీ. జాలి గుంజలకి బయటి వైపున ఉండాలి, అప్పుడే కొక్కు తోసినా జాలి గుంజకి ఆనుకుంటుంది. జాలి ముక్కలు కలిసే చోట ఆరంగుళాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టి, జానెడు దూరానికి ఒక కట్టు చొప్పున తీగతో బిగించండి. పైకి కనిపించే ఒకటిన్నర అడుగు చాలదు, దాని పై అంచుకి అడుగు వెడల్పు నున్నటి జీఐ రేకు బిగిస్తే కాళ్ళకి పట్టు దొరకదు. రెండూ కలిపి నేల నుంచి రెండున్నర అడుగులు.

మీ చిక్కుడు, ఆనప పాదులు దడి మీద ఉన్నాయన్నారు. అవి ఉంటే రేకు ఉన్నా లేనట్టే, తీగలు పట్టుకుని ఎక్కేస్తాయి. పాదుల్ని కంచెకి మూడడుగులు లోపల పందిరి మీదకి మళ్ళించాలి. గట్టు వైపు పెరిగే గడ్డిని కూడా రెండడుగుల మేర ఎప్పటికప్పుడు కోసేయాలి. కొక్కు ఖాళీ నేల దాటడానికి భయపడుతుంది.

ప్రహరీ ఉన్న వైపు కొలతలు వేరు. ఊళ్ళలో ప్రహరీ పునాది చాలాచోట్ల అడుగూ అడుగున్నరే. దాని కింద నుంచి రావడం కొక్కుకి కష్టం కాదు. ఇరుగుపొరుగు ఒప్పుకుంటే గోడకి అవతలి వైపు అడుగు కిందకి, అడుగు బయటికి వంచి పాతండి. ఒప్పుకోకపోతే లోపలి వైపు గోడ మొదటి నుంచి రెండడుగుల వెడల్పున జాలిని నాలుగంగుళాల మట్టి కింద బల్లపరుపుగా పరచండి, గోడకి తగిలే అంచుని సిమెంటుతో పూడ్చండి. గోడ కింద నుంచి వచ్చిన కొక్కు పైకి లేవబోతే జాలి తగులుతుంది. బయటి వైపంత గట్టిది కాదు ఇది, కానీ బాగానే ఆపుతుంది.

కొనాల్సింది నాలుగడుగుల వెడల్పు, 50 అడుగుల చుట్టలు రెండు. ఒకదాంట్లోంచి 40 అడుగులు, అతుకులకి రెండడుగులు పొలం వైపుకి. రెండోదాంట్లో 30 అడుగుల ముక్కని మధ్యకి నిలువునా కత్తిరిస్తే రెండడుగుల పట్టీలు రెండు వస్తాయి, చెరో ప్రహరీకి ఒకటి. మిగిలింది గేటుకీ, తూముకీ, దుంపల మడికీ పనికొస్తుంది.

చెడిపోయేది ఎక్కువగా గేటు దగ్గరే. గేటు కింద వేలు దూరే సందున్నా పిల్ల కొక్కు వచ్చేస్తుంది. గేటు కింద అడుగున్నర లోతున సిమెంటు గడప పోసి, గేటు అడుగుకి రేకు కొట్టండి. వాన నీరు పోయే తూముకి కూడా అర అంగుళం జాలే పెట్టండి. ఆకులు అడ్డుపడి నీళ్ళు నిలుస్తాయి కాబట్టి జాలి తీసి పెట్టుకునేలా ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, లోపలున్న కొక్కులు పోకముందే కంచె మూసేస్తే వాటిని మీరే పెరట్లో బంధించి మేపినట్టు. పొలం వైపు కంచెలో ఒక బారెడు జాగా ఆఖరి వరకు వదలండి. బోనులతో లోపలివి పట్టుకుని, కన్నాల పరీక్షలో వరసగా మూడు రోజులు ఏదీ తెరుచుకోకపోతే అప్పుడు ఆ జాగా మూయండి. ఖాళీ అయిన కన్నాల్లో ఇటుక ముక్కలు, కంకర గునపంతో కుక్కి పైన సిమెంటు ఇసుక మాలు పెట్టండి. గాజు పెంకులు వేసే అలవాటు మన దగ్గర ఉంది. కొక్కు వాటి పక్కనుంచి కొత్త దారి తీస్తుంది. తర్వాత ఎప్పుడో మడి తవ్వేటప్పుడు మన చేతులే తెగుతాయి.

జవాబు: ఉద్దానం కొబ్బరి (సోంపేట)

పైన చెప్పిన కొలతలు గరువు నేలకీ, నల్లరేగడి కలిసిన నేలకీ సరిగ్గా ఉన్నాయండి. ఉద్దానంలాంటి ఇసక నేలకి కొంచెం మార్చుకోవాలి. ఇసకలో కందకం తీస్తే పక్కలు కూలిపోద్ది. ముందు రోజు రాత్రి ఆ గీత వెంబడి నీళ్ళు బాగా పోసీండి, పొద్దున్న తడి మీద తవ్వితే నిలబడుద్ది. లోతు రెండడుగులు చెయ్యాలి. ఇసకలో తవ్వడం దానికీ సులువే, గాలికీ వానకీ పై ఇసక కొట్టుకుపోయి పాతిన వంపు బయటపడిపోద్ది కూడా.

సముద్రం గాలికి మామూలు జీఐ జాలి తొందరగా తుప్పు పట్టుద్ది. ముందు అల్లి వెల్డింగ్ చేసి ఆ తర్వాత జింకులో ముంచిన జాలి అడగండి. ముందు జింకు పూసిన తీగని తర్వాత వెల్డింగ్ చేస్తే అతుకుల దగ్గర పూత కాలిపోద్ది, తుప్పు అక్కడే మొదలవుద్ది. భూమిలోకి దిగే భాగానికి తారు పూత రెండు పొరలు వేసి ఎండనిచ్చి పాతండి. మెట్ట నేలలో కూడా తారు పూస్తే నష్టమేమీ లేదు.

కొబ్బరి చెట్లున్నాయన్నారు కదా. పిందెలు, లేతకాయలు కొరికి కింద పడేస్తుంటే అది చెట్టెక్కే ఎలుక, పందికొక్కు కాదు. దానికి కంచె అడ్డం కాదు. మానుకి నేల నుంచి ఆరేడు అడుగుల ఎత్తులో ఒకటిన్నర అడుగు వెడల్పు నున్నటి రేకు చుట్టూ తిప్పి బిగించండి. మేకులు మానులోకి లోతుగా దిగకూడదు, రేకు అంచులు ఒకదానికొకటి మేకుతో పట్టించండి. కమ్మలు పక్క చెట్టుకి గానీ ఇంటి కప్పుకి గానీ తగులుతుంటే ఆ దారినే వచ్చేస్తాయి, ముందు కమ్మలు కొట్టీండి. కొట్టిన కమ్మల్ని ప్రహరీ మూల పోగెయ్యకండి. కొక్కులకి అంతకంటే మంచి ఇల్లు లేదు. కట్టెల మోపులు, పిడకలు, గడ్డి కుప్ప అన్నీ నేల నుంచి అడుగున్నర ఎత్తు మంచె మీద పెట్టుకుంటే అడుగున ఏం తిరుగుతోందో కనపడుద్ది.

కొండ దగ్గర ఊళ్ళవాళ్ళు చదివితే వాళ్ళ కోసం ఒక మాట. మందస, మెళియాపుట్టి, పాతపట్నం వైపు దుంపలు తినేది ముళ్ళపంది అయ్యుండొచ్చు. తవ్విన చోట ముల్లు ఒకటైనా రాలి ఉంటుంది, గొయ్యి పెద్దదిగా ఉంటుంది, కొబ్బరి మొక్క మొదలు కూడా కొరుకుద్ది. దానికి అర అంగుళం జాలి అక్కర్లేదు, తీగ మాత్రం లావుగా ఉండాలి. అంగుళం కన్ను, 14 గేజి, పైకి మూడడుగులు, భూమిలోకి అడుగు. అది పెద్దగా ఎక్కదు. వెదురు గుంజలైతే కొరికేస్తుంది, ఇనప గుంజలు వెయ్యండి. దాన్ని చంపడం మాత్రం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అడవి పందులొచ్చే చోట కొంతమంది కరెంటు తీగ నేరుగా కంచెకి తగిలిస్తున్నారు. దయచేసి ఆ పని ఎవరూ చెయ్యకండి. రాత్రి పొలానికి నీళ్ళు పెట్టడానికెళ్ళిన మనిషి ప్రాణం పోద్ది. సోలార్ కంచె యంత్రం సెకనుకో దెబ్బ చొప్పున క్షణంపాటే కరెంటు వదులుతుంది, మెయిన్ లైను అలా కాదు, పట్టుకున్నవాణ్ణి వదలదు.

పొలం పక్క పెరడు (ఆమదాలవలస)

ఇద్దరికీ ధన్యవాదాలండి. గట్టు మాది కాదు, కంచె లోపలికే జరుపుతాం. లోపలున్నవాటిని పట్టడం గురించి అడగాలి. చిన్న ఎలుకల బోనులో ఒక్కటీ పడటం లేదు. పక్కింటివాళ్ళు పొలానికి చల్లే గుళికలు అన్నంలో కలిపి పెట్టమంటున్నారు. ఇంట్లో కోళ్ళున్నాయి, వీధి కుక్కలూ వస్తుంటాయి. ఇంకొకరు కన్నంలో బిళ్ళ వేసి మూసెయ్యమన్నారు.

జవాబు: నాగావళి గట్టు (శ్రీకాకుళం)

గుళికలు అన్నంలో కలపడం వద్దండి. అది పంటకి చల్లే పురుగుమందు. దాన్ని ఎరగా వాడటం 1968 పురుగుమందుల చట్టానికి విరుద్ధం. ఒక్క ముద్ద చాలు మీ కోడికి, కుక్కకి, పొరపాటున పిల్లలకి. కన్నంలో వేసే బిళ్ళ అల్యూమినియం ఫాస్ఫైడ్. తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. దానికి విరుగుడు లేదు. మీ కన్నాలు ప్రహరీ వెంట, ఇంటి పునాది దాకా ఉండొచ్చు, ఆ వాయువు నేల పగుళ్ళలోంచి పడకగదిలోకి వచ్చేస్తుంది. అందుకే దాన్ని మామూలు జనానికి అమ్మకూడదని నిబంధన ఉంది. పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టు కూడా ఇంట్లో ఉంచొద్దు, అది మనిషి కాలేయాన్ని పాడుచేస్తుంది.

ముందు బోనులు. చిన్న బోనులో పడకపోవడానికి రెండు కారణాలు. పందికొక్కు పూర్తిగా లోపలికి వెళ్ళకముందే తలుపు దాని నడుం మీద పడుతుంది, అది వెనక్కి లాక్కుంటుంది. ఇక ఆ బోను దగ్గరికి రాదు. కనీసం 18 అంగుళాల పొడవు, 7 అంగుళాల ఎత్తు వెడల్పులున్న బోను కావాలి. రెండోది, కొత్త వస్తువంటే దానికి అనుమానం. బోను పెట్టిన మూడు రాత్రులు తలుపు ఎత్తి కట్టేసి, లోపల ఎర మాత్రం వేస్తూ ఉండండి. తిని వెళ్ళడం అలవాటయ్యాక నాలుగో రాత్రి తలుపు వదలండి. ఒకటే కాకుండా మూడు నాలుగు బోనులు ఒకేసారి వదిలితే మంచిది. ఒకటి చిక్కడం చూసిన మిగతావి జాగ్రత్తపడతాయి.

ఎరకి కాల్చిన కొబ్బరి ముక్క, ఎండుచేప, వేరుశనగ పప్పు. ఎర కొక్కేనికి గట్టిగా గుచ్చాలి, విడిగా వేస్తే లాక్కుపోతుంది. బోను పెరటి మధ్యలో పెట్టకండి, గోడ వెంటే పెట్టండి. అది గోడని రాసుకుంటూ పోతుంది, నేల మీద నున్నటి దారి కనిపిస్తుంది. బోను నోరు ఆ దారికి అడ్డంగా రావాలి. పొద్దుటే తీసేయండి, ఎండలో వదలొద్దు. పట్టినదాన్ని ఇంకొకరి పొలంలో వదిలితే మీ బాధ వాళ్ళ నెత్తిన పెట్టినట్టే. దగ్గర్లో ఎలుకలు పట్టేవాళ్ళుంటే వాళ్ళకి అప్పగించండి.

చేతికి రబ్బరు తొడుగులు, కాళ్ళకి బూట్లు తప్పనిసరి. కొక్కుల మూత్రం కలిసిన నీళ్ళూ బురదా కాలి పగుళ్ళకి తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావొచ్చు. వానల్లో పెరటి పని చేశాక జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే డాక్టరుకి ఎలుకలున్న చోట పని చేశానని చెప్పండి. ఆ ఒక్క మాటతో వాళ్ళు వెతకాల్సింది వెతుకుతారు.

బోనులకి లొంగకపోతేనే మందు. ఇంటి దగ్గర వాడదగింది బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు. 0.005 శాతం ఉన్న తయారు ఎర బిళ్ళలు (పైన వద్దన్న విషవాయువు బిళ్ళ కాదు) దొరుకుతాయి, పెరటికి అవే మేలు, కలిపే పని ఉండదు. పొలానికి ఎక్కువ కావాలంటే 0.25 శాతం పొడి 20 గ్రాములు, నూనె 20 మిల్లీలీటర్లు, నూకలు 960 గ్రాములు. నూకలకి ముందు నూనె పట్టించి, తర్వాత పొడి చల్లి కర్రతో కలపాలి. చెయ్యి వాసన తగిలితే ముట్టదు, మనకీ మంచిది కాదు. కలిపిన గిన్నె మళ్ళీ వంటింటికి వెళ్ళకూడదు. 15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి, పరీక్షలో తెరుచుకున్న కన్నాల్లోనే, కర్రతో మోచేతి లోతుకి తోసి, మూతిని మట్టితో మూయండి. కోళ్ళున్న ఇంట్లో కన్నం బయట ఒక్క గింజ కూడా కనిపించకూడదు. ఉపరితలం మీద పెట్టాల్సి వస్తే నాలుగంగుళాల పైపు రెండడుగుల ముక్క గోడ పక్కన పడుకోబెట్టి కట్టి, మధ్యలో ఎర బిళ్ళని తీగతో గుచ్చండి.

ఇది వెంటనే చంపదు. రక్తం గడ్డకట్టకుండా చేసి నాలుగైదు రోజుల తర్వాత చంపుతుంది. అందుకే మిగతావి అనుమానించవు. మొదటి రోజు ఫలితం లేదని ఇంకా ఇంకా వేసేయడం అనవసరం. పది పన్నెండు రోజులకి మళ్ళీ కన్నాల పరీక్ష చేసి, తెరుచుకున్నవాటికే రెండోసారి. చచ్చినవాటిని రోజూ వెతికి రెండడుగుల లోతున పాతండి. గుడ్లగూబా, పిల్లీ, జెర్రిపోతూ ఆ ఎలుకల్ని తింటే అవీ పోవచ్చు, మీ పని ఉచితంగా చేసిపెట్టేవి అవే. గుడ్లగూబ ఇంటి దగ్గర వాలితే అశుభమని తరిమేస్తారు. ఒక్కో రాత్రి అది పట్టే ఎలుకల లెక్క చూస్తే తరమబుద్ధి పుట్టదు. పిల్లలు గానీ కుక్క గానీ మందు తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాలు కనిపించే దాకా ఆగకండి, అవి రోజుల తర్వాత వస్తాయి. అట్ట పెట్టెతో సహా ఆసుపత్రికి వెళ్ళండి, 108కి ఫోన్ చెయ్యండి. దీనికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది.

అల్ట్రాసౌండ్ యంత్రాలకి డబ్బు తగలెయ్యకండి. ఆ శబ్దం మట్టిలోకీ ఆకుల గుబురులోకీ చొరదు. కలరా ఉండలు కన్నాల్లో వేస్తే ఆ మందు మట్టిలోకి దిగి మీ దుంపల్లోకే వస్తుంది.

జవాబు: బొబ్బిలి పెరడు

నత్తల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది నేను రాస్తాను. మీరన్న పెద్దవి ఆఫ్రికా నత్తలు. వాన పడ్డ రాత్రి ఏడు నుంచి పది మధ్య, మళ్ళీ తెల్లవారే ముందు మేస్తాయి. ఎండాకాలం గోడ సందుల్లో, కుండీల అడుగున మూతి మూసుకుని నెలల తరబడి పడుంటాయి, వాన తగలగానే లేస్తాయి. అందుకని ఏరివేతకి అసలు సమయం తొలకరి మొదటి వారం, గుడ్లు పెట్టకముందు. ఇప్పుడైనా చెయ్యొచ్చు.

తడిపిన గోనెసంచుల కింద బొప్పాయి ఆకులు గానీ క్యాబేజీ ఆకులు గానీ పరచండి. పెరటికి నాలుగు చోట్ల చాలు. తెల్లవారి సంచి ఎత్తితే గుంపుగా దొరుకుతాయి. చేతికి తొడుగు లేకుండా ముట్టొద్దు, ఎలుకల నుంచి వచ్చే పురుగు ఒకటి వీటి జిగురులో ఉండి మనిషి మెదడుకి జబ్బు తెస్తుంది. ఆకుకూరలు వండేముందు కడగడం కూడా అందుకే. ఏరినవాటిని 10 లీటర్ల బకెట్టులో రెండు కిలోల కల్లుప్పు కలిపి అందులో వేసి మూత పెట్టండి. చచ్చాక గొయ్యి తీసి పాతేయండి. ఆ ఉప్పునీళ్ళు మాత్రం మడిలో పొయ్యకండి, మొక్కలు మాడిపోతాయి. చాలామంది ఉప్పు నేరుగా పెరట్లో చల్లి నేల పాడుచేసుకుంటున్నారు.

గుడ్లు మట్టిలో ఒకటి రెండు అంగుళాల లోతున పెసరగింజ అంత, పసుపు కలిసిన తెలుపులో, వందకి పైగా ఒకేచోట ఉంటాయి. తేమగా, నీడగా ఉండే మూలల్లో తవ్వి చూడండి. ఒక్క గుడ్ల ముద్ద తీసేస్తే వంద నత్తలు ఏరినట్టు. మెటాల్డిహైడ్ అనే నత్తల మందు గుళికలు పనిచేస్తాయి గానీ వాటి వాసనకి కుక్కలు ఎగబడి తిని చస్తాయి. కోళ్ళు, కుక్కలు తిరిగే మీ ఇంటికి అవి వద్దు. సున్నం గీత వానకి కరిగిపోతుంది. ఎండ రోజుల్లో అయితే కుండీల చుట్టూ వెయ్యొచ్చు.

కంద, చిలగడదుంప కోసం ఇంకొక దారి కూడా ఉంది. కంచె పూర్తయ్యేదాకా వాటికి విడిగా జాలి మడి చెయ్యండి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గొయ్యి. అడుగునా నాలుగు పక్కలా అర అంగుళం జాలి, పక్కల జాలి నేల మీద ఆరంగుళాలు లేవాలి. వేర్లు కంతల్లోంచి పోతాయి, దుంప లోపల ఊరుతుంది. తవ్వేటప్పుడు గునపం వాడితే జాలి చిరుగుతుంది, చేత్తో మట్టి తియ్యాలి. ఇంకా సులువు కావాలంటే మూడడుగుల సిమెంటు వర ఒకటి తెచ్చి, కింద జాలి పరిచి, దాని మీద వర కూర్చోబెట్టి మట్టి నింపండి. కందకి ఒక వరకి రెండు మొక్కలు మించొద్దు.

కోతుల గురించి మీరు అడగలేదు గానీ, మాకు ఇక్కడ అదే పెద్ద బాధ. ఈ కంచె వాటిని ఆపదు. అరటి, బొప్పాయి, జామ ఉన్న చోటికే వస్తాయి. గెల ముదరగానే ఆకుపచ్చగా ఉన్నప్పుడే దించుకోవడం, తిన్న తొక్కలు బయట పడెయ్యకపోవడం, ఎవరూ తిండి పెట్టకపోవడం. పసుపు, అల్లం, మిరప, కంద, చేమ, నిమ్మ జోలికి అవి పెద్దగా రావు. బయటి వరసల్లో ఇవి వేసుకోవచ్చు.

పొలం పక్క పెరడు (ఆమదాలవలస)

చాలా వివరంగా రాశారండి. చివరిగా ఒకటి. కోతలు నవంబరు ఆఖరుకి మొదలవుతాయి. అంతా ఒకేసారి చెయ్యలేం. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: గరువు తోట (చీపురుపల్లి)

పొలంలో ధాన్యం ఉన్నంతకాలం కొక్కులు గట్లమీదే ఎక్కువ ఉంటాయి. కోత అయిన వారంలోనే తిండి వెతుక్కుంటూ ఇళ్ళ వైపు, కళ్ళాల వైపు కదులుతాయి. కాబట్టి నవంబరు మధ్యకల్లా పొలం వైపు 40 అడుగులూ, గేటు గడపా అయిపోవాలి. ప్రహరీ పక్కల పట్టీలు సంక్రాంతి తర్వాత వేసినా ఫరవాలేదు.

ఈ వారం ఖర్చు లేని పనులు చెయ్యండి: కమ్మలు, కట్టెలు, గడ్డి నేల మీంచి లేపడం, దడి మీద పాదులు మళ్ళించడం, కన్నాల పరీక్ష, కోళ్ళ దాణా రాత్రి మూతగల డబ్బాలోకి ఎత్తడం. దాణా బయట ఉంటే బోనులో ఏ ఎరా పనిచెయ్యదు. వచ్చే వారం బోనులు తలుపు కట్టేసి పెట్టండి. తుపాను వానలు పడే రోజుల్లో కందకం తవ్వకండి, నీళ్ళు నిలిచి పక్కలు కూలతాయి. వాన తెరిపి ఇచ్చి నేల పదును మీద ఉండగా ఇద్దరు మనుషులైతే 40 అడుగులు ఒక రోజులో అవుతుంది. మట్టి తిరిగి వేసేటప్పుడు ఆరంగుళాలకొకసారి దిమ్మిసతో కొట్టండి. వదులుగా వదిలేసిన మట్టిలోకే కొక్కు ముందు దిగుతుంది. మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు కంచె వెంట నడిచి, మట్టి కుంగిన చోటల్లా మళ్ళీ నింపండి.

కోతకి ముందు పక్క రైతుతో మాట్లాడి గట్టు మీద కన్నాలకి కూడా ఒకేరోజు మందు పొట్లాలు పెట్టేలా చూడండి. ఒక్కరే చేస్తే పక్క గట్టువి వచ్చి ఖాళీ అయిన బొరియల్లో దిగుతాయి. గట్టు మీద అవకాశం ఉంటే పది పన్నెండడుగుల వెదురు గడకి పైన అడ్డకర్ర కట్టి పాతండి, గుడ్లగూబలు వాలడానికి. గడ మీ కోళ్ళ గూటికి దూరంగా ఉండాలి.